మెహ్రౌలీ: వచ్చినవాళ్లు కట్టిన ఊరు

"మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే మనలో చాలామందికి వెంటనే జవాబు రాదు. నాన్నగారి ఊరు గుంటూరు దగ్గర, అమ్మ పుట్టిల్లు ఖమ్మం, పుట్టింది జోధ్‌పూర్‌లో, ఒకటో తరగతి చదివింది గువాహతిలో, ఇప్పుడు ఉంటున్నది ఢిల్లీలో. రెండు మూడేళ్లకోసారి బదిలీ ఉత్తర్వు వస్తుంది. టీసీ తీసుకుంటాం, సామాను సర్దుకుంటాం, కొత్త క్వార్టర్స్‌లో దిగుతాం. సెలవులకు తాతగారి ఊరు వెళ్తే అక్కడ మనల్ని 'ఢిల్లీ పిల్లలు' అంటారు. ఢిల్లీలో మనల్ని 'మద్రాసీలు' అనేవాళ్లూ ఉన్నారు. ఇంతకీ మనం ఏ ఊరివాళ్లం?

ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని చూడదగ్గ పాత ఊరు ఒకటి ఢిల్లీలోనే ఉంది. దాని పేరు మెహ్రౌలీ. కుతుబ్ మీనార్ అంటే అందరికీ తెలుసు. కానీ చాలామంది మీనార్ ముందు ఫోటో దిగి బస్సెక్కేస్తారు. మీనార్ పక్కనే దాదాపు వెయ్యేళ్లుగా మనుషులు కాపురం ఉంటున్న ఊరు ఉందని గమనించరు. మేము ఆ ఊరి గురించి చదివి, నడిచి చూసి తెలుసుకున్న సంగతులు ఈ పాఠంలో చెబుతున్నాం.

పాత ఊరిని చూసేటప్పుడు ప్రతి కట్టడం దగ్గరా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలని మేము ముందే అనుకున్నాం.

1. దీన్ని ఎవరు కట్టారు?
2. వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు?
3. ఏ అవసరం కోసం కట్టారు?
4. ఇప్పుడు దీన్ని ఎవరు చూసుకుంటున్నారు?

ఈ నాలుగు ప్రశ్నలూ మెహ్రౌలీకే కాదు, రేపు మనం బదిలీ మీద వెళ్లబోయే ఏ ఊరికైనా పనికొస్తాయి.

దూరపు దీవి, దగ్గరి ఊరు

మధ్యధరా సముద్రంలో మాల్టా అనే చిన్న దీవి ఉంది. ఆ దీవిలో ఒక గుట్ట మీద మ్దీనా అనే కోట ఊరు ఉంది. ఒకప్పుడు అదే ఆ దీవికి రాజధాని. ఫినీషియన్లు, రోమన్లు, అరబ్బులు, నార్మన్లు ఒకరి తర్వాత ఒకరు అక్కడికి వచ్చారు. 'మ్దీనా' అన్న పేరు కూడా 'నగరం' అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి వచ్చిందే. 1530లో దీవికి కొత్తగా వచ్చిన పాలకులు సముద్రం ఒడ్డున ఉన్న మరో ఊళ్లో మకాం పెట్టారు. దాంతో మ్దీనాకు ప్రాధాన్యం తగ్గింది. ఇప్పుడు గోడల లోపల కాపురం ఉండేవాళ్లు మూడు వందల మంది కూడా లేరు. ఆ నిశ్శబ్దమైన వీధులు చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం విమానాల్లో వెళ్తారు.

అలాంటి ఊరే మనకు మెట్రో దూరంలో ఉంది. ఎల్లో లైన్‌లో కుతుబ్ మీనార్ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఆటోలో కొద్ది నిమిషాలే. తేడా ఒక్కటే, మెహ్రౌలీ నిశ్శబ్దంగా ఉండదు. సందుల్లో స్కూటర్లు, పూల దుకాణాలు, బిర్యానీ డేగిశాలు, కరెంటు తీగలు, వాటి మధ్యలో ఎనిమిది వందల ఏళ్ల గోడలు ఉంటాయి.

ఢిల్లీలో ఒకదాని తర్వాత ఒకటి చాలా రాజధానులు వెలిశాయి. వాటిలో ఇప్పటికీ గోడలు మిగిలిన మొట్టమొదటిది ఇక్కడే ఉంది. 11వ శతాబ్దంలో తోమర రాజు అనంగపాలుడు ఆరావళి గుట్టల మీద లాల్‌కోట్ అనే కోట కట్టించాడు. తర్వాత చౌహానులు దాన్ని పెంచారు. ఆ పెద్ద కోటకు పృథ్వీరాజ్ చౌహాన్ పేరు మీద కిలా రాయ్ పిథోరా అని పేరు. 1192లో పృథ్వీరాజ్ ఓడిపోయాక ఢిల్లీ తురుష్క సేనానుల చేతికి వచ్చింది. అలా మొదలైన ఢిల్లీ సుల్తానుల తొలి రాజధాని కూడా ఇదే.

బదిలీ అయిన స్తంభం

కుతుబ్ ప్రాంగణంలో మేము మొదట చూసింది ఇనుప స్తంభం. దీని ఎత్తు 7.21 మీటర్లు, బరువు 6 టన్నులకు పైనే. దీని మీద బ్రాహ్మీ లిపిలో సంస్కృత శాసనం ఉంది. చంద్రుడు అనే రాజు విష్ణుపదగిరి అనే కొండ మీద విష్ణువుకు ధ్వజంగా దీన్ని నిలిపాడని ఆ శాసనం చెబుతుంది. ఆ చంద్రుడు గుప్త వంశపు రెండవ చంద్రగుప్తుడని చరిత్రకారులు అంటారు. అంటే స్తంభం వయసు సుమారు 1600 ఏళ్లు.

ఇక్కడ రెండో ప్రశ్న వేసుకోండి. ఎక్కడి నుంచి వచ్చింది? విష్ణుపదగిరి ఢిల్లీలో లేదు. మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గరున్న ఉదయగిరి కొండే ఆ చోటని చాలామంది పండితుల అభిప్రాయం. అంటే ఢిల్లీకి గుర్తుగా పుస్తకాల అట్టల మీద కనిపించే ఈ స్తంభం కూడా ఢిల్లీలో పుట్టినది కాదు. మనలాగే ఇదీ బదిలీ మీద వచ్చింది!

ఇన్ని వానలకు తడిసినా ఇది తుప్పుపట్టి రాలిపోలేదు. కారణం ఏమిటి? ఐఐటీ కాన్పూర్ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రహ్మణ్యం ఈ విషయం మీద చాలా పరిశోధన చేశారు. ఆ కాలపు కొలిమిలో బొగ్గుతో కాల్చి తీసిన ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువగా మిగిలిపోయేది. నేటి ఉక్కులో అంత ఉండదు. ఇనుము, ఫాస్ఫరస్, గాలిలోని తేమ కలిసి స్తంభం మీద కంటికి కనిపించనంత పలచని పొర ఏర్పడింది. ఆ పొర లోపలి ఇనుమును కాపాడుతోంది. ఢిల్లీ గాలి ఏడాదిలో ఎక్కువ నెలలు పొడిగా ఉండటం కూడా దానికి సాయపడింది.

ఒకప్పుడు స్తంభానికి వీపు ఆనించి రెండు చేతులూ వెనక్కి చుట్టి కలిపితే అదృష్టమని జనం నమ్మేవారు. లక్షల చేతుల చెమట తగిలి ఆ భాగం రంగు మారిపోయింది. అందుకే 1997లో చుట్టూ కంచె వేశారు. వానలు చేయలేని నష్టం మన చేతులు చేశాయన్నమాట.

ఒక్కరు కట్టని మీనార్

కుతుబ్ మీనార్ ఎత్తు 72.5 మీటర్లు, లోపల 379 మెట్లు. "కుతుబ్ మీనార్‌ను ఎవరు కట్టించారు?" అన్నది క్విజ్‌లో ఒక్క మార్కు ప్రశ్న. కానీ దీన్ని కట్టినవాడు ఒక్కడు కాదు. మొదలుపెట్టింది కుతుబుద్దీన్ ఐబక్. మొదటి అంతస్తు పైన మరో మూడు అంతస్తులు లేపింది ఇల్తుత్‌మిష్. 14వ శతాబ్దంలో పిడుగు పడి పైభాగం దెబ్బతింటే ఫిరోజ్ షా తుగ్లక్ బాగుచేయించి, ఐదో అంతస్తు చేర్చాడు. ఎర్ర రాతి మధ్య తెల్ల చలువరాయి కనిపించే భాగం అతని కాలపు పని. 1803లో భూకంపం వచ్చి శిఖరం పడిపోయింది. మేజర్ రాబర్ట్ స్మిత్ అనే ఇంగ్లీషు ఇంజినీరు 1828లో మరమ్మతు చేసి, పైన తన సొంత నమూనాలో ఒక గొడుగు లాంటి మండపం పెట్టాడు. అది అతకలేదని 1848లో దించేశారు. ఇప్పటికీ ఆ మండపం తోటలో గడ్డి మీద ఒంటరిగా కూర్చుని ఉంది. దాన్ని 'స్మిత్ గారి తెలివితక్కువ పని' అని వెక్కిరిస్తారు. కొత్త ఊరికి వచ్చి, ఉన్నదాన్ని సరిగా చూడకుండా మన అలవాటును దాని నెత్తిన పెడితే ఏమవుతుందో ఆ మండపం చెబుతుంది.

1981లో మీనార్ మెట్ల మీద తొక్కిసలాట జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది విహారయాత్రకు వచ్చిన బడి పిల్లలే. అప్పటి నుంచి లోపలికి ఎవరినీ ఎక్కనివ్వడం లేదు. మీనార్ ముందు నిలబడ్డప్పుడు వాళ్లనూ ఒకసారి తలుచుకోవాలి.

మీనార్ పక్కనున్న మసీదు స్తంభాల మీద గంటలు, గొలుసులు, పూలకుండల చెక్కడాలు ఉన్నాయి. అవి గుడి స్తంభాలు. 27 ఆలయాల సామగ్రితో ఈ మసీదు కట్టామని దాని తూర్పు ద్వారం మీది శాసనమే చెబుతోంది. చరిత్రలో గెలుపు ఉన్నచోట నష్టం కూడా ఉంటుంది. రెంటినీ దాచకుండా చదవాలి.

కమాను ఎలా నేర్చుకున్నారు?

అదే మసీదు ముందు ఎత్తైన కమానులు కనిపిస్తాయి. వాటిని కట్టింది ఇక్కడి మేస్త్రీలే. కట్టించినవాళ్లకు కమాను కావాలి. కట్టేవాళ్లకు నిలువు స్తంభం మీద అడ్డదూలం పెట్టడం వచ్చు. అందుకని వాళ్లు రాళ్లను రెండు వైపుల నుంచీ కొంచెం కొంచెం ముందుకు జరుపుతూ పేర్చి పైన కలిపారు. చూడటానికి కమానే, కానీ లోపలి పద్ధతి పాతదే.

అసలైన కమానులో రాళ్లు నిలువునా, విసనకర్ర పుల్లల్లా పేరుస్తారు. నడుమ బిగించిన రాయి బరువును రెండు పక్కలకూ పంచుతుంది. మన దేశంలో ఇప్పటికి నిలిచి ఉన్న అలాంటి తొలి కమాను ఇక్కడికి దగ్గర్లోనే, మెహ్రౌలీ పురావస్తు ఉద్యానంలో, బల్బన్ సమాధి దగ్గర ఉందని చెబుతారు. అది 1287 ప్రాంతానిది. అంటే ఆ పద్ధతి ఇక్కడి చేతుల్లోకి రావడానికి సుమారు తొంభై ఏళ్లు పట్టింది. 1311లో అలాఉద్దీన్ ఖిల్జీ కట్టించిన అలాయ్ దర్వాజా చేరేసరికి కమాను, గుమ్మటం రెండూ పూర్తిగా వచ్చేశాయి. దాని మీద తామరమొగ్గల అంచు కూడా ఉంది. వచ్చినవాళ్ల ఆలోచన, ఉన్నవాళ్ల చేతిపని ఇక్కడ కలిసిపోయాయి.

బానిసగా వచ్చిన సుల్తాను తవ్వించిన చెరువు

ఇల్తుత్‌మిష్ మధ్య ఆసియాలో పుట్టాడు. అసూయతో అన్నలే చిన్నప్పుడు అతన్ని బానిసగా అమ్మేశారని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. చేతులు మారి మారి ఢిల్లీలో ఐబక్ దగ్గరకు చేరాడు. 1211లో సుల్తాను అయ్యాడు, 1236 వరకు ఏలాడు. తన ఇష్టం లేకుండా ఈ ఊరికి వచ్చినవాడు ఊరికి చేసిన గొప్ప మేలు ఏమిటంటే నీళ్లు.

మెహ్రౌలీ రాతి నేల. యమున దూరంగా ఉంటుంది. వాన నీటిని పట్టి ఉంచకపోతే బతుకు లేదు. అందుకే 1230 ప్రాంతంలో ఊరికి దక్షిణం వైపు పెద్ద చెరువు తవ్వించాడు. అతని బిరుదు షంసుద్దీన్ కనుక దాన్ని హౌజ్-ఎ-షంసీ అన్నారు. మెహ్రౌలీలోనే గంధక్ కీ బావలీ అనే దిగుడు బావి కూడా అతని కాలానిదే. నీటిలో గంధకం వాసన ఉండేదని ఆ పేరు వచ్చింది.

ఆ చెరువును చూసి రాసినవాళ్లలో ఇబ్న్ బతూతా ఒకడు. మొరాకోలోని టాంజియర్ అతని ఊరు. 1334లో ఢిల్లీ చేరి, ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా కొన్నేళ్లు పనిచేశాడు. ఊరి జనం ఈ చెరువు నీళ్లే తాగుతారని, నడుమ రాతి మండపం ఉందని, నీళ్లు నిండితే పడవ మీదే అక్కడికి వెళ్లాలని రాశాడు. నీళ్లు తగ్గినప్పుడు అంచుల్లో చెరుకు, దోస, గుమ్మడి పండిస్తారని కూడా రాశాడు. చెరువు కట్ట కింద పొలాలు చూసిన తెలుగువాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

సరిగ్గా అదే కాలంలో ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్నాడు. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించాడు. ఆ గుడి దగ్గరే రామప్ప చెరువు ఉంది. ఇక్కడ ఇల్తుత్‌మిష్ కూతురు రజియా 1236లో సింహాసనం ఎక్కింది. అక్కడ గణపతిదేవుని కూతురు రుద్రమదేవి 1262లో ఎక్కింది. కుతుబ్ ప్రాంగణానికి 1993లో, రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఒకరినొకరు ఎరగని రెండు ఊళ్లు ఒకే కాలంలో ఒకే అవసరానికి చెరువులు తవ్వుకున్నాయి.

పురావస్తు ఉద్యానంలో రాజోం కీ బావలీ ఉంది. 1506లో లోదీల కాలంలో కట్టారు. పేరు విని రాజులది అనుకోకండి. హిందీలో 'రాజ్' అంటే తాపీ మేస్త్రీ. ఒకప్పుడు ఇక్కడ మేస్త్రీలు ఉండేవారని ఆ పేరు వచ్చింది. దాదాపు ఏ కట్టడం మీదా కట్టిన కూలీల పేరు ఉండదు. ఈ బావి ఒక్కటి వాళ్ల పేరు నిలుపుకుంది.

దర్గా, గుడి, పూల పండుగ

హౌజ్ దగ్గర నుంచి మళ్లీ ఊరి నడుమకు వస్తే గులాబీల వాసన ముందుగా పలకరిస్తుంది. అది ఖ్వాజా కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గా వీధి. ఆయన పుట్టింది ఓష్‌లో. అది ఇప్పటి కిర్గిజ్‌స్తాన్‌లో ఉంది. అజ్మీర్ ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీకి శిష్యుడు. 1235లో ఇక్కడే కన్నుమూశారు. ఎనిమిది వందల ఏళ్లుగా ఈ ఊరు ఆయన్ని తనవాడిగానే చూసుకుంటోంది. కుతుబ్ మీనార్ వెనుక జోగ్‌మాయా గుడి ఉంది. కృష్ణుని చెల్లెలు యోగమాయే ఇక్కడి అమ్మవారు.

దర్గాకు, గుడికి కలిపి ఒకే పండుగ ఉంది. పేరు 'ఫూల్ వాలోం కీ సైర్', అంటే పూలవాళ్ల విహారం. మొగల్ రాజు రెండవ అక్బర్ షా కొడుకు మీర్జా జహంగీర్ బ్రిటిష్ రెసిడెంటు మీద తుపాకీ పేల్చినందుకు అతన్ని అలహాబాదుకు పంపేశారు. కొడుకు తిరిగొస్తే దర్గాలో పూల చాదర్ సమర్పిస్తానని తల్లి మొక్కుకుంది. కొడుకు వచ్చాడు. ఆమె మొక్కు తీర్చుకోవడానికి ఢిల్లీ నుంచి జనమంతా మెహ్రౌలీ తరలి వచ్చారు. దర్గాకు చాదర్, జోగ్‌మాయా అమ్మవారికి పూల పంఖా సమర్పించారు. 1812 ప్రాంతంలో ఇలా మొదలైన పండుగను రెండు మతాలవాళ్లూ కలిసి చేసుకునేవారు. దూరమైన కొడుకు ఇంటికి రావాలన్న ఒక అమ్మ కోరిక నుంచి పుట్టిన పండుగ ఇది. సెలవు దొరకని నాన్న కోసం ఎదురుచూసే ఇళ్లలో పెరిగిన మనకు దీన్ని వేరే వివరించనక్కర్లేదు.

1942లో బ్రిటిష్ ప్రభుత్వం ఈ పండుగను ఆపేసింది. ఐదేళ్లకు దేశ విభజన వచ్చింది. లక్షల మంది ఇళ్లు వదిలి ఢిల్లీకి వచ్చారు, లక్షల మంది ఢిల్లీ వదిలి వెళ్లారు. ఆ అల్లర్లలో మెహ్రౌలీ దర్గా కూడా దెబ్బతింది, చలువరాతి జాలీలు విరిగాయి. 1948 జనవరి 13న గాంధీజీ ఢిల్లీలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. మెహ్రౌలీ దర్గా ఉర్సు ఎప్పటిలా జరగాలి, ముస్లింలు భయం లేకుండా రాగలగాలి అన్నది ఆయన కోరిన షరతుల్లో ఒకటి. అన్ని వర్గాల నాయకులూ మాట ఇచ్చాక 18న దీక్ష విరమించారు. 27న ఉర్సుకు స్వయంగా ఈ దర్గాకు వచ్చారు. మూడు రోజుల తర్వాత ఆయన మనకు లేరు. 1960ల మొదట్లో నెహ్రూ చొరవతో పూల పండుగ మళ్లీ మొదలైంది.

ఖాళీగా మిగిలిన చోటు

దర్గాను ఆనుకుని జఫర్ మహల్ ఉంది. రెండవ అక్బర్ షా కట్టించిన ఈ వేసవి విడిదికి చివరి మొగల్ రాజు బహదూర్ షా జఫర్ పెద్ద సింహద్వారం చేర్చాడు. ఏనుగు అంబారీతో సహా లోపలికి పోగలదు కనుక దాన్ని హాథీ దర్వాజా అన్నారు. ఇప్పుడు పైకప్పులు కూలి, గోడలు మాత్రం మిగిలాయి.

లోపల చలువరాతి జాలీ చుట్టూ ఉన్న చిన్న ఆవరణలో కొన్ని మొగల్ సమాధులు ఉన్నాయి. వాటి నడుమ కొంత ఖాళీ చోటు ఉంది. దాన్ని జఫర్ తన కోసం ఉంచుకున్నాడు. కానీ 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వాళ్లు విచారణ జరిపి ఆయన్ని రంగూన్‌కు పంపేశారు. 1862 నవంబరు 7న అక్కడే చనిపోయాడు. సమాధి గుర్తు తెలియకుండా నేల చదును చేశారు. 1991లో తవ్వకాల్లో గానీ అసలు చోటు బయటపడలేదు.

మేము ఈ పాఠంలో మొదటి నుంచి వచ్చినవాళ్ల గురించి చెబుతున్నాం. ఇక్కడ వెళ్లిపోయినవాడి కథ కనిపించింది. ఓష్ నుంచి వచ్చిన సాధువుకు ఈ ఊళ్లో చోటు దొరికింది. ఇక్కడే పుట్టి పెరిగిన రాజుకు తాను ఉంచుకున్న చోటు దక్కలేదు. పుట్టుక ఒక్కటే మనిషికి ఊరిని ఇవ్వదని అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

ఢిల్లీకి వచ్చిన ఒక తెలుగువాడు

మన భాషవాళ్లు ఎవరైనా ఆ రోజుల్లో ఇక్కడికి వచ్చారా? వచ్చారు. అలాయ్ దర్వాజా కట్టడానికి ఒక ఏడాది ముందు, 1310లో, ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు నుంచి అపారమైన ధనం తీసుకుని ఢిల్లీ చేరాడు. 1323లో తుగ్లక్ సేనలు ఓరుగల్లును పట్టుకున్నాయి. బందీగా ఢిల్లీకి తీసుకొస్తుండగా ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున మరణించాడు. ఓరుగల్లు కొలువులోని ఒక అధికారి మాత్రం ఢిల్లీ చేరాడు. మతం మారి మాలిక్ మక్బూల్ అన్న పేరు పొందాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో ప్రధానమంత్రి అయ్యాడు. పారసీలో చదవడం రాయడం పెద్దగా రాకపోయినా రాజ్యమంతా నడిపిన తెలివైనవాడని నాటి చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు. అతని బిరుదు ఖాన్-ఎ-జహాన్ తిలంగానీ. పేరు మారింది, మతం మారింది, భాష మారింది, ఊరి పేరు మాత్రం చివరిదాకా అతన్ని వదల్లేదు.

అతని సమాధి నిజాముద్దీన్ బస్తీలో ఉంది. ఢిల్లీలో ఎనిమిది మూలల సమాధుల్లో అదే మొదటిది. దాన్ని చూసి తర్వాతివాళ్లు కట్టుకున్నారు. లోదీ గార్డెన్‌లోని ఎనిమిది మూలల సమాధి ముందు ఫోటో దిగేటప్పుడు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

నాలుగో ప్రశ్న

ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు? కుతుబ్ ప్రాంగణాన్ని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ చూస్తుంది. రాజోం కీ బావలీలో మనం దిగే మెట్లను, పచ్చిక బయళ్లను శుభ్రంగా ఉంచేది రోజూ చీపురు పట్టే మనుషులు. దర్గాను, గుడిని భక్తులు నిలుపుతున్నారు. హౌజ్-ఎ-షంసీ మాత్రం ఇబ్న్ బతూతా చూసిన చెరువు కాదు. చుట్టూ ఇళ్లు వచ్చి చాలా కుదించుకుపోయింది.

పాత గోడల మీద మేము చాలా పేర్లు చూశాం. మేకుతో గీకినవి, పెన్నుతో రాసినవి. రాసినవాళ్లు బహుశా తామూ ఇక్కడ గుర్తుండాలనుకుని ఉంటారు. కానీ రక్షిత కట్టడాన్ని పాడుచేయడం నేరం. రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఆ శిక్ష సంగతి అటుంచితే, ఇల్తుత్‌మిష్‌ను ఊరు గుర్తు పెట్టుకున్నది గోడ మీద పేరు గీకినందుకు కాదు, చెరువు తవ్వించినందుకు. పూలు కట్టేవాళ్లను గుర్తు పెట్టుకున్నది పండుగకు వాళ్ల పేరు పెట్టి.

మన నాన్నలు, అమ్మలు ఒక ఊళ్లో రెండు మూడేళ్లే ఉంటారు. ఆ కొద్ది కాలంలోనే రోడ్డు వేయిస్తారు, ఆసుపత్రిలో పనిచేస్తారు, సరిహద్దు కాస్తారు, పాఠం చెబుతారు. వెళ్లిపోయాక ఆ పని అక్కడే ఉంటుంది. ఆ ఊరు వాళ్లది అనడానికి అది చాలు. మనం కూడా ఉన్నన్నాళ్లు ఆ ఊరి పేర్లు, కథలు, బావులు, పండుగలు తెలుసుకుంటే ఆ ఊరు మనదే. టీసీలో రాసే ఊరి పేరు ఒక్కటే. మనకు మాత్రం నాలుగైదు ఊళ్లు ఉండవచ్చు.

తెలుసుకోవలసిన మాటలు

బావలీ: మెట్ల మీదుగా నీటి దాకా దిగే బావి. మనం దిగుడు బావి అంటాం.
హౌజ్: చెరువు, కోనేరు.
దర్గా: సూఫీ సాధువు సమాధి ఉన్న చోటు.
ఉర్సు: ఆ సాధువు కన్నుమూసిన రోజున ఏటా జరిపే ఉత్సవం.
జాలీ: రాతిలో చెక్కిన వల లాంటి తెర.
పంఖా: పూలతో అల్లిన పెద్ద విసనకర్ర.

ఆలోచించి రాయండి

1. ఇనుప స్తంభం తుప్పుపట్టకపోవడానికి కారణాలు మీ మాటల్లో రాయండి. కంచె ఎందుకు వేయాల్సి వచ్చింది?
2. మసీదు ముందున్న కమానుకు, బల్బన్ సమాధి కమానుకు తేడా బొమ్మ గీసి చూపండి.
3. ఇల్తుత్‌మిష్, బఖ్తియార్ కాకీ, ఇబ్న్ బతూతా, మాలిక్ మక్బూల్ ఎక్కడి నుంచి వచ్చారో ప్రపంచ పటంలో గుర్తించండి. వాళ్లలో ఎవరు తమ ఇష్టంతో వచ్చారు, ఎవరు కాదు?
4. ఫూల్ వాలోం కీ సైర్ ఎలా మొదలైంది, ఎందుకు ఆగింది, మళ్లీ ఎలా మొదలైంది?

చేసి చూడండి

మీరు ఇంతవరకు ఉన్న ఊళ్ల పేర్లు వరుసగా రాయండి. ఒక్కో ఊరి పక్కన అక్కడి పాత బావి, చెరువు, గుడి, మసీదు, చర్చి, కోట లేదా వంతెన ఒకటి రాసి, పై నాలుగు ప్రశ్నలకు జవాబులు వెతకండి. తెలియనివి ఆ ఊళ్లో ఉన్న పాత స్నేహితులకు ఫోన్ చేసి అడగండి. మెహ్రౌలీ చూడాలనుకుంటే చలికాలం ఉదయం పెద్దవాళ్లతో వెళ్లండి. 15 ఏళ్లలోపు పిల్లలకు కుతుబ్ ప్రాంగణంలో టికెట్ అక్కర్లేదు. నీళ్ల సీసా, నోటు పుస్తకం, పెన్సిల్ తీసుకెళ్లండి. పెన్సిల్ నోటు పుస్తకం మీద రాయడానికి మాత్రమే.